బిస్కెట్‌కి పడ్డ చేప

మా ఊరి జెట్టీ మీద ఇప్పటిదాకా పడ్డ చేపలన్నిట్లోకీ పెద్దదాన్ని పట్టింది నేనే. ముప్పై నాలుగు అంగుళాలు! గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు కాబట్టి ఈ సంగతి ఈ కాలమ్‌లో ఇప్పటికి తొమ్మిదిసార్లే రాశాను.

గాలం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. మొట్టమొదట విసిరిన రోజే మూడు పట్టాను: ఒక టోపీ, ఒక గొడుగు, ఒక చెవి. టోపీ మా మామయ్యది. గొడుగు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. చెవి నాదేనని కుట్లు వేసిన డాక్టరు తేల్చాడు.

అయినా ఇవాళ్టి విషయం నేను కాదు. ఇవాళ నేను టూరిస్టుల తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. జెట్టీ చూడ్డానికి జనం ఎగబడుతున్నారని, వాళ్ల గోలకి మనశ్శాంతి పోయిందని, దాంతోపాటు చేపలూ పోయాయని ఊళ్లో కొందరు గొణుగుతున్నారు. వాళ్లందరికీ నా సమాధానం ఒక్కటే. టూరిస్టు జెట్టీకి వరం!

జెట్టీ అంటే తెలియనివాళ్లకి ఒక మాట. ఇది సముద్రంలోకి రెండొందల అడుగులు చొచ్చుకుపోయిన చెక్క వంతెన. మామూలు వంతెన ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి పోతుంది. ఇది మాత్రం సగం దూరం పోయి, "ఇక నా వల్ల కాదు" అని ఆగిపోతుంది. ఎవరైనా రావచ్చు, ఎవరైనా గాలం వేసుకోవచ్చు. టికెట్ లేదు, గేటు లేదు.

రెండు నెలల కిందటిదాకా అక్కడ రోజూ కనిపించేవాళ్లు ఆరుగురు. చివరి దీపస్తంభం కింద మా మామయ్య. ఆయన పక్కన కునుకు తాత. ఈ తాత గాలం కొసకి చిన్న గంట కడతాడు, చేప తగిలితే లేపమని సముద్రానికి అప్పజెప్పి నిద్రపోతాడు. మిగతా నలుగురూ మాట్లాడే రకం కాదు కాబట్టి వాళ్ల గురించి ఎవరికీ ఏమీ తెలీదు. ఒకరికొకరికి కూడా తెలీదు.

ఇప్పుడో! ఆదివారం పొద్దున్న వచ్చి చూడండి. జెట్టీ మీద నిలబడే చోటు లేక కొంతమంది వంతులవారీగా ఊపిరి పీలుస్తున్నారు.

టూరిస్టు వల్ల మొదటి లాభం, పలకరింపు. వచ్చిన ప్రతివాడూ మామయ్య దగ్గర ఆగి ఒకే ప్రశ్న అడుగుతాడు. "ఏమైనా పడ్డాయా?" ఒక పూటంతా పక్కన కూర్చుని లెక్కపెట్టాను. నూట నలభై మూడుసార్లు! ఒక్క పూటలో మిమ్మల్ని నూట నలభై మూడుసార్లు పలకరించేవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా? మా మామయ్య తన పెళ్లిలో కూడా అన్ని మాటలు మాట్లాడలేదని మా అత్తే చెప్పింది.

అడిగి ఊరుకోరు, బకెట్ మూత తీసి చూస్తారు. ఖాళీ బకెట్ చూడగానే వాళ్ల మనసు కరిగిపోతుంది. మొన్న ఒకావిడ కళ్లు తుడుచుకుంది. "అయ్యో, ఇంటి దగ్గర పిల్లలున్నారా?" అంది.

"ఉన్నాడమ్మా ఒకడు. బ్యాంకు మేనేజరు" అన్నాడు మామయ్య.

"పాపం" అని ఆవిడ ఒక బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెట్టి వెళ్లింది. చూశారా, మానవత్వం ఇంకా బతికే ఉంది!

రెండోది ఆరోగ్యం. కునుకు తాత గాలానికి గంట చూసి టూరిస్టులు ఆగలేరు. గంట అన్నాక మోగించాలి కదా? మోగిస్తారు. తాత ఉలిక్కిపడి లేచి, గాలం సర్రున లాగి, ఏమీ లేదని చూసుకుని, మళ్లీ విసిరి పడుకుంటాడు. ఇంకొకరు మోగిస్తారు. రోజుకి ముప్పైసార్లు లాగుతున్నాడు. భుజాలకి ఎక్సర్‌సైజ్ కావాలని డాక్టరు పదేళ్లుగా మొత్తుకుంటున్నాడు. డాక్టరు వల్ల కానిది టూరిస్టుల వల్ల అయింది!

ఇక విద్య సంగతి. నల్లకళ్లద్దాల కుర్రాడు ఒకడు ఫోన్లో రెండు వీడియోలు చూసొచ్చి, మా మామయ్యకి మణికట్టు ఎలా తిప్పాలో నేర్పాడు. "అంకుల్, వదులుగా పెట్టండి. ఇంకా వదులుగా" అన్నాడు. మామయ్య వాడు పుట్టకముందు నుంచే ఆ స్తంభం కింద గాలం వేస్తున్నాడు. అయినా బుద్ధిమంతుడిలా వదులుగా పెట్టాడు. గాలం జారి సముద్రంలో పడబోయింది. చేపపిల్లకి ఈత నేర్పడం అనే మాట ఇన్నాళ్లూ విన్నాం. కళ్లారా చూసే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది?

అన్నిటికన్నా గొప్ప లాభం చేపలది. అరుపులు, ఈలలు, పాటల పెట్టెలు, వంతెన చెక్కల మీద ఆరు వందల జతల కాళ్లు. ఈ చప్పుడుకి చేపలు దరిదాపులకి రావడం లేదు. రెండు నెలల్లో జెట్టీ దగ్గర ఒక్క చేపకీ ప్రాణహాని జరగలేదు! చేపల్లో ఓటింగ్ పెడితే టూరిస్టులు ఏకగ్రీవంగా గెలుస్తారు.

మరి ఇంతమంది టూరిస్టులు ఎందుకొస్తున్నారని అడగరేం?

నా వల్ల.

మా జెట్టీ చివర కమ్మీకి ఒక చెక్క బిగించి ఉంటుంది. దాన్ని కొలతచెక్క అంటారు. పెద్ద చేప ఎవరికి పడ్డా, తల ఒక కొసన ఉన్న మేకుకి ఆనించి పడుకోబెట్టి, తోక ఎక్కడికి వస్తే అక్కడ కత్తితో గీత చెక్కుతారు. దానికి రెండే నియమాలు. ఇద్దరు సాక్షులుండాలి. పాత గీత దాటితేనే కొత్త గీత. పదకొండేళ్లుగా ఆ చెక్క మీద అన్నిటికన్నా చివరి గీత మా మామయ్యది. ముప్పై ఒక్క అంగుళాలు. ఆయన దాని గురించి ఎప్పుడూ మాట్లాడడు. కాకపోతే రోజూ గాలం వేసే ముందు ఆ చెక్క మీది ఉప్పు ఒకసారి చేత్తో తుడుస్తాడు. అంతే.

ఆ రోజు గాలి గట్టిగా ఉందని మాట్లాడని నలుగురూ రాలేదు. మామయ్య టీ కోసం ఒడ్డు మీద మా అత్త కొట్టుకి వెళ్లాడు. అత్త అక్కడ ఎర అమ్ముతుంది, అంటే గాలానికి గుచ్చే రొయ్యలు. కునుకు తాత నిద్రలో ఉన్నాడు. ఎక్కడి నుంచో వచ్చిన కొత్త జంట ఒకటి సముద్రంతో ఫోటో దిగుతోంది. సరిగ్గా అప్పుడు నా గాలం బరువెక్కింది!

లాగాను. చేప పైకొచ్చింది. కొత్త పెళ్లికొడుకు "అబ్బో!" అన్నాడు. పెళ్లికూతురు "ఇది ఆడదా, మగదా?" అంది. వాళ్లిద్దరే సాక్షులు. మేకుకి ఆనించాను, గీత చెక్కాను, చేపని ఎత్తి పట్టుకుని వాళ్ల ఫోన్లో ఫోటో దిగాను. ముప్పై నాలుగు! తర్వాత ఆ మూగజీవి కళ్లలోకి చూస్తే నా గుండె తరుక్కుపోయింది. "పో తల్లీ, నీ పిల్లల దగ్గరికి పో" అని సముద్రంలోకి వదిలేశాను. పెళ్లికూతురు చప్పట్లు కొట్టింది.

"ఎర ఏం పెట్టారండీ?" అని అడిగాడు అతను.

అప్పుడు నా నోట్లో బిస్కెట్ ఉంది. "బిస్కెట్" అన్నాను.

సాయంత్రానికి ఫోటో ఊరూరా తిరిగింది. బిస్కెట్‌తో ముప్పై నాలుగు అంగుళాల చేప! పట్టి వదిలేసిన కరుణామూర్తి! ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే జనం మనం. మర్నాటి నుంచి దూడని చూడ్డానికి బస్సులు దిగాయి. అందరి చేతుల్లో గాలాలు, గాలాలకి బిస్కెట్లు. ఉప్పువి, తీపివి, మధ్యలో క్రీము ఉన్నవి. జెట్టీ చుట్టూరా తేలే ముక్కల కోసం పక్షులు కొట్టుకుంటున్నాయి.

ఆ రోజు మామయ్య టీ గ్లాసు పట్టుకుని వచ్చి కొత్త గీత చూశాడు. చూసి, గ్లాసు కింద పెట్టి, దాని మీద వేలు పెట్టి కొసదాకా నడిపించాడు. ఏమంటాడా అని చూస్తున్నాను. నన్ను పట్టుకుని గట్టిగా కావలించుకున్నాడు. "నా గీత దాటావురా అల్లుడూ! దాటితే మనోడే దాటాలి" అన్నాడు. సముద్రం వైపు తిరిగి దానికీ చెప్పాడు, నిద్రపోతున్న కునుకు తాతని కూడా లేపి చెప్పాడు.

ఆ ఫోటోని తలుపంత సైజులో ప్రింటు తీయించి, అద్దం ఫ్రేమ్ కట్టించి, అత్త కొట్టులో గల్లా వెనక తగిలించాడు. నేను వద్దన్నాను. నా నిరాడంబరత చూసి ఆయనకి నా మీద గౌరవం ఇంకా పెరిగింది.

అప్పటి నుంచి మా మామయ్య కూడా బిస్కెట్ పెడుతున్నాడు.

ఇక్కడ మీరు నవ్వొచ్చు. నేనూ మొదటి వారం నవ్వాను. బిస్కెట్ నీళ్లు తగలగానే కరిగిపోతుంది కదా? అందుకని ఆయన దానికి దారం అడ్డంగా నాలుగు చుట్లు, నిలువుగా నాలుగు చుట్లు చుట్టి గుచ్చుతాడు. విసిరేసరికి గాలి తగిలి సగం విరుగుతుంది. మిగతా సగం చేరాల్సిన చోటికి చేరేలోపే సముద్రంలో కలిసిపోతుంది. ఆయన ఖాళీ కొక్కేన్ని పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా పట్టుకుని కూర్చుంటాడు. మధ్యమధ్యలో నన్నే అడుగుతాడు. "గుండ్రందా, చదరందా? ఆ రోజు నువ్వు పెట్టింది ఏదిరా?"

"గుండ్రంది మామయ్యా" అంటాను. సలహా అడిగితే చెప్పడం నా ధర్మం.

రెండు నెలలు. ఒక్క చేప లేదు. తిండికి తిప్పలు పడేంత ఇల్లు కాదు మాది. కానీ పొద్దున్నే ఖాళీ బకెట్ పట్టుకుని వెళ్లి, మధ్యాహ్నం ఖాళీ బకెట్ పట్టుకుని వచ్చే మనిషి నడక చూశారా ఎప్పుడైనా? బరువున్న బకెట్ మోసేవాడు ఒక పక్కకి ఒరిగి నడుస్తాడు. ఖాళీ బకెట్ మోసేవాడు ముందుకి వంగి నడుస్తాడు.

సరే, విషయానికొద్దాం. టూరిస్టుల వల్ల ఐదో లాభం...

ఐదో లాభం ఉంది. గుర్తుకొచ్చాక రాస్తాను.

మొన్న బుధవారం మామయ్య మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఆయన గాలం ఉంది. పిడి దగ్గర ఆయన బొటనవేలు రాసుకుని రాసుకుని గుంట పడిపోయిన గాలం. ఇంకెవరైనా ముట్టుకుంటే ఊరుకోడు. దాన్ని నా గది గోడకి ఆనించాడు.

"ఇది నీ దగ్గరే ఉండనీరా" అన్నాడు.

"అదేంటి మామయ్యా?"

"చేతులు మర్చిపోయాయి. బిస్కెట్‌ది తప్పు లేదు, నీకు పడింది కదా. నాకే పడట్లేదు. వయసు. ఇక జనంలో కూర్చుని లేదమ్మా, పడలేదు బాబూ అని చెప్పలేకపోతున్నా."

నేను ఏదో ఒక జోకు వెయ్యాలి. అది నా ఉద్యోగం. గోడ మీంచి జారబోతున్న గాలాన్ని సర్ది నిలబెట్టాను. ఆయన నా భుజం తట్టి, ఖాళీ చేతులతో మెట్లు దిగాడు. ఖాళీ చేతుల్ని ఏం చెయ్యాలో తెలీక లాల్చీ జేబుల్లో పెట్టుకున్నాడు.

గురువారం అత్త కబురు పెట్టింది. కొట్టుకి వెళ్లాను. రొయ్యలు గంపలో అలాగే ఉన్నాయి. బిస్కెట్ల రాజ్యం వచ్చాక వాటి మొహం చూసేవాడు లేడు. అత్త గల్లా వెనక కూర్చుని, నన్ను తేరిపార చూసింది.

"ఏరా, ఆ చేపని నీళ్లలోకి వదిలావు కదా. ఈదుకుంటూ వెళ్లిందా?"

"వెళ్లిందత్తా. ఒకసారి వెనక్కి తిరిగి చూసింది కూడా."

"పేగులు లేకుండానే?"

నేను ఫోటో వైపు చూడలేదు. చూడకూడదని మెడకి గట్టిగా చెప్పాను. మెడ నా మాట వినలేదు.

"ఇటు రా. ఇది చూడు" అని అత్త లేచి ఫ్రేమ్ మీద వేలు పెట్టింది. "నువ్వు చెయ్యి అడ్డం పెట్టావు గానీ, చెయ్యి చాల్లేదు. ఇదిగో, ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా కత్తి పెట్టిన పొట్ట. ఇక్కడ మొప్పలూ లేవు. ఇంత నీటుగా కోసేది మార్కెట్లో మూడో కొట్టు ఆవిడొక్కతే. అవునా, కాదా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. నేను చొక్కా మీది పొలుసులు దులుపుకున్నాను. రెండు నెలల కిందటి పొలుసులు!

అవును. మూడో కొట్టు ఆవిడే. "ముక్కలు వద్దు, నిండుగా కావాలి" అని నేను చెప్తూనే ఉన్నాను. ఆవిడ చెయ్యి ఆవిడ అలవాటు ప్రకారం పొట్ట చీల్చేసింది. అప్పటికే ఆలస్యమైందని అలాగే పట్టుకొచ్చాను. జెట్టీ కింద మెట్ల దగ్గర నా గాలానికి దారంతో కట్టి, నీళ్లలో వదిలి, పైకెక్కి లాగాను. మామయ్య టీ తాగి వచ్చేసరికి గీత చూసి గుండె పట్టుకోవాలి, నేను అరగంట నవ్వుకోవాలి, ఆ తర్వాత చెప్పెయ్యాలి. ప్లాన్ అంతే. అరగంట! చెప్పేద్దామని నోరు తెరిచేలోపు ఆయన కావలించుకున్నాడు. కావలించుకున్న మనిషికి ఏ చెవిలో చెప్తాం?

"మామయ్యకి తెలుసా?" అని అడిగాను.

"తెలిస్తే నీకు గాలం ఇస్తాడా? రోజూ పొద్దున్నే వచ్చి ఈ అద్దం తుడుస్తాడు. చేపని ఎప్పుడు చూశాడురా ఆయన? నీ మొహమే చూస్తాడు."

"నీకెప్పుడు తెలిసింది?"

"తగిలించిన రోజే. నువ్వే చెప్తావేమోనని చూశా. రెండు నెలలు చూశా. నిన్న ఆయన ఖాళీ చేతుల్తో ఇంటికొస్తే ఇక చూడలేకపోయా."

"నువ్వు చెప్పెయ్ అత్తా. నాకు నోరు రాదు."

"నోరు రాకపోతే చేతులున్నాయి కదా. తొమ్మిది ఆదివారాలు అబద్ధం రాశావు, పదో ఆదివారం నిజం రాయి. ఆయన పేపర్లో చదివేది నువ్వు రాసే ముక్క ఒక్కటే. పైగా గట్టిగా చదువుతాడు."

అదీ సంగతి. ఆదివారం పొద్దున్నే స్తంభం కింద కూర్చుని, ఈ కాలమ్ మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా కునుకు తాతకి వినిపించడం మా మామయ్య అలవాటు. తాత నిద్రపోతున్నా ఆపడు. గాలం లేకపోయినా ఇవాళ కూడా అక్కడే ఉంటాడు. కూర్చోడానికి ఆయనకి ఇంకో చోటు తెలీదు.

కాబట్టి పాఠకులారా, మీతో నా పని అయిపోయింది. టూరిస్టులు వరమని మీకు నిరూపించాను. కాదంటారా? నిజమే లెండి. చూడ్డానికి వచ్చేవాళ్లు ఎక్కువై, అక్కడ చూడ్డానికి ఏమీ మిగల్లేదు. కానీ వాళ్లనేం అంటాం? లేని చేపని చూపించి పిలిచింది నేను. తిట్టాలంటే వాళ్లు ఆరు వందల మంది, నేనొక్కణ్ణి. నన్ను తిట్టడం తేలిక. ఇక మీరు పక్క పేజీకి వెళ్లిపోండి. ఇది మా ఇంటి విషయం.

మామయ్యా, ఇక్కడి నుంచి గట్టిగా చదవకు. మనసులో చదువుకో.

బిస్కెట్‌కి చేప పడదు. ఎప్పుడూ పడలేదు. నీ చేతులు ఏమీ మర్చిపోలేదు. నా మాట నమ్మి నువ్వు రెండు నెలలు సముద్రానికి టిఫిన్ పెట్టావు, అంతే. జేబులో ఉన్న ప్యాకెట్ తాతకి ఇచ్చెయ్, టీలో ముంచుకుంటాడు. అత్త దగ్గర పొద్దున వచ్చిన రొయ్యలున్నాయి. నీ కోసం విడిగా తీసిపెట్టింది. కోపంగా ఉంది, కానీ నీ మీద కాదు.

ఆ గీత చెరిపేద్దామని నిన్న జెట్టీకి వెళ్లాను. కత్తితో చెక్కింది చెరగదట. ఎంత గీకినా ఇంకా లోతవుతోంది. అందుకని దాని పక్కనే ఇంకో ముక్క చెక్కాను: "ఇది మార్కెట్లో మూడో కొట్టులో పడ్డ చేప." అక్షరాలు వంకరగా వచ్చాయి, కానీ చదవొచ్చు. నేను చెక్కుతుండగానే ముగ్గురు దాని పక్కన నిలబడి ఫోటో దిగారు. చివరి గీత మళ్లీ నీదే. దాని మీది ఉప్పు తుడిచి వచ్చాను. నువ్వు తుడిచినట్టు రాలేదు.

నేను కిందే ఉన్నాను మామయ్యా, ఆ మెట్ల దగ్గరే. నీ గాలం నా చేతిలోనే ఉంది. పైకి రమ్మంటే వస్తాను. నాలుగు తగిలించాలనిపిస్తే తగిలించు, తలొంచుకుని నిలబడతాను. గాలంతో మాత్రం కొట్టకు. నీకున్నది అదొక్కటే.